పిన్ను ఒకటైంది, చార్జింగ్ ఇంకా కాలేదు

కొత్తగా కొన్న ట్రిమ్మర్‌కో, మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకో సీ టైప్ పిన్ను ఉందని సంబరపడతాం. ల్యాప్‌టాప్ చార్జర్ వైరు తెచ్చి గుచ్చుతాం. దానికి రెండు చివరలా సీ టైపే కాబట్టి చక్కగా దూరుతుంది. కానీ లైటు వెలగదు. వస్తువే పాడైందనుకుని వాపసు పంపేవాళ్లూ ఉన్నారు. అదే ట్రిమ్మర్‌ని పాత రకం చార్జర్‌కి, అంటే ఒకవైపు వెడల్పాటి యూఎస్‌బీ, ఇంకోవైపు సీ టైప్ ఉన్న వైరుతో పెట్టి చూడండి. హాయిగా చార్జింగ్ ఎక్కుతుంది. డబ్బాలో ఇచ్చే పొట్టి వైరు కూడా చాలాసార్లు ఇలాంటిదే.

ఇందులో తప్పు వైరుదీ కాదు, చార్జర్‌దీ కాదు. ట్రిమ్మర్ లోపలి బోర్డు మీద రెండు బుల్లి రెసిస్టర్లు, అంటే కరెంటుకి కొలత ప్రకారం అడ్డుపడే ముక్కలు, ఉండాలి. ఒక్కొక్కటి 5.1 కిలో ఓములది, టోకున కొంటే పైసల్లో వస్తుంది. చౌక వస్తువుల్లో వాటిని ఎగ్గొట్టేస్తుంటారు. అవి లేకపోతే నియమం ప్రకారం తయారైన సీ టైప్ చార్జర్ కరెంటు వదలదు. ఎందుకు వదలదో తెలిస్తే, ప్రపంచమంతా ఒకే పిన్నుకి మారుతున్న ఈ వ్యవహారంలో ఏది కుదిరిందో, ఏది కుదరలేదో కూడా తెలుస్తుంది.

యూఎస్‌బీ పుట్టింది చార్జింగ్ కోసం కాదు. 1990ల మధ్యలో కంప్యూటర్ వెనక కీబోర్డుకి ఒక కన్నం, మౌస్‌కి ఒకటి, ప్రింటర్‌కి వెడల్పాటిది ఇంకొకటి ఉండేవి. ఈ గందరగోళం తీర్చడానికి ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డెక్, ఎన్‌ఈసీ, నార్టెల్ అనే 7 కంపెనీలు కలిసి 1996 జనవరిలో తొలి యూఎస్‌బీ ప్రమాణాన్ని విడుదల చేశాయి. ఇంటెల్‌లో ఈ పనిని నడిపించినవాడు అజయ్ భట్, బరోడాలో చదువుకున్న ఇంజినీరు. ఒకసారి పెడితే దూరదు, తిప్పి పెడితే దూరదు, మళ్లీ తిప్పితే దూరుతుంది అని లోకమంతా నవ్వుకున్న ఆ పిన్ను గురించి ఆయన తర్వాత వివరణ ఇచ్చారు. ఎటు పెట్టినా పట్టేలా చేయాలంటే తీగలు ఎక్కువ కావాలి, ఖర్చు రెట్టింపవుతుంది. ఇంకా ఎవరూ వాడని కొత్త వస్తువుకి అంత ఖర్చు ఏ కంపెనీ పెడుతుంది? ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ కన్నంలోంచి వచ్చే 5 వోల్టులు, అర ఆంపియర్ కరెంటు కూడా మౌస్ లాంటి చిన్న వస్తువులు నడవడానికే. దానితో ఫోన్లు చార్జి చేసుకోవచ్చన్నది తర్వాత వచ్చిన ఆలోచన.

ఫోన్లది పూర్తిగా వేరే లోకం. ఒక్క నోకియాలోనే లావు పిన్ను, సన్న పిన్ను అని రెండు. లావుది 3.5 మిల్లీమీటర్లు, సన్నది 2. శామ్‌సంగ్‌ది ఒక తీరు, సోనీ ఎరిక్సన్‌ది ఇంకో తీరు. పెళ్లింట్లో “సన్న పిన్ను చార్జర్ ఎవరి దగ్గరైనా ఉందా?” అని గదిగదికీ తిరగడం అప్పట్లో మామూలే. బస్టాండు దుకాణాల్లో ఒకే వైరుకి అన్ని కంపెనీల పిన్నులూ గుత్తిగా వేలాడే చార్జర్లు అమ్మేవారు.

ఈ చిక్కు విప్పడంలో చైనా 2006లో వేసిన అడుగుకి రావలసినంత పేరు రాలేదని నాకు అనిపిస్తుంది. గోడకి పెట్టే అడాప్టర్‌కి యూఎస్‌బీ కన్నం ఉండాలి, వైరు ఊడదీయడానికి వీలుండాలి అని అక్కడి ప్రభుత్వం ప్రమాణం పెట్టింది. అంతకుముందు వైరు, అడాప్టర్ ఒకే ముక్క. పిన్ను మారితే మొత్తం పారేయాల్సిందే. రెంటినీ విడదీశాక ఫోను మారినా అడాప్టర్ మిగిలింది. యూరప్‌లో 2009 నాటికి 30కి పైగా చార్జర్ రకాలు ఉండేవి. యూరోపియన్ కమిషన్ ఒత్తిడితో 14 కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకున్నాయి. అది చట్టం కాదు, ఒడంబడిక మాత్రమే. ఆపిల్ కూడా సంతకం చేసింది గానీ తన పిన్నుని వదులుకోకుండా, మధ్యలో పెట్టే అడాప్టర్ ముక్క ఒకటి అమ్మి మాట నిలబెట్టుకున్నాననిపించుకుంది.

సీ టైప్ ప్రమాణం 2014 ఆగస్టులో వచ్చింది. ఫోనులోని ఆ కన్నం మధ్యలో సన్నటి నాలుక, దాని పైన 12, కింద 12, మొత్తం 24 లోహపు పట్టీలు ఉంటాయి. వాటిలో 4 ప్లస్, 4 గ్రౌండ్. పాత యూఎస్‌బీ 2 డేటా కోసం 4, వేగంగా వెళ్లే డేటా కోసం 8, అదనపు పనులకి 2, చివరి 2 మాటామంతీకి. ప్లస్, గ్రౌండ్ పట్టీలను ఎటు తిప్పినా అవే చోట్లకి వచ్చేలా అమర్చారు. అందుకే పిన్నుని తలకిందులుగా గుచ్చినా షార్టవదు. ఇంకో తెలివైన పని, అరిగిపోయే స్ప్రింగులను ఫోనులో కాకుండా వైరు చివర పెట్టడం. అరిగితే వైరు మార్చుకుంటాం, ఫోను మార్చనక్కర్లేదు. ఐఫోన్లకి ఆపిల్ పెట్టిన సొంత పిన్ను లైట్నింగ్‌లో ఇది తిరగబడి ఉండేది. పిన్ను గట్టి లోహపు ముక్క, స్ప్రింగులు ఫోను లోపల.

ఇప్పుడు ఆ రెసిస్టర్ల సంగతి. మాటామంతీకి అని చెప్పిన రెండు పట్టీలను సీసీ అంటారు. సాకెట్‌లో అవి రెండు ఉన్నా, వాటి కోసం వైరులో ఒక్క తీగే ఉంటుంది. ఫోను ఆ రెండు పట్టీలనూ చెరో 5.1 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కి కలుపుతుంది. చార్జర్ తన సీసీ పట్టీల మీద చిన్న వోల్టేజీ పెట్టి కనిపెట్టుకుని ఉంటుంది. ఏదో ఒక పట్టీ మీద వోల్టేజీ తగ్గిందంటే, అవతల కరెంటు కావలసిన వస్తువు ఉందని అర్థం. ఏ పట్టీ మీద తగ్గిందో చూస్తే పిన్ను ఎటు తిప్పి గుచ్చారో కూడా తెలుస్తుంది. అప్పుడే ప్లస్ తీగ మీదకి 5 వోల్టులు వస్తాయి. అంతదాకా ఆ తీగ చల్లగా, ఖాళీగా ఉంటుంది. పాత వెడల్పాటి యూఎస్‌బీకి ఈ విచారణ లేదు, ఎప్పుడూ 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. అందుకే రెసిస్టర్లు లేని ట్రిమ్మర్ దానితో పనిచేసింది. సీ టైప్ వైరుకి రెండు చివరలూ ఒకేలా ఉంటాయి కాబట్టి, రెండు చార్జర్లను ఒకదానికొకటి గుచ్చేసే ప్రమాదం ఉంది. ముందు విచారించి తర్వాత ఇవ్వడం అందుకే.

పెద్ద పరికరాలకి 5 వోల్టులు చాలవు. 60 వాట్లు కావాలంటే 5 వోల్టుల దగ్గర 12 ఆంపియర్లు పారాలి. వైరు రాను పోను నిరోధం 0.1 ఓమే అనుకున్నా, 14.4 వాట్లు వైరులోనే వేడిగా పోతాయి. అదే 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు చాలు, పోయేది 0.9 వాటు. కరెంటు నాలుగో వంతైతే నష్టం పదహారో వంతవుతుంది. కాబట్టి వోల్టేజీ పెంచాలి. కానీ అడక్కుండా 20 వోల్టులు పంపితే ఇయర్‌ఫోన్లు మాడిపోతాయి. దీనికోసం పెట్టిన పద్ధతి యూఎస్‌బీ పవర్ డెలివరీ, చార్జర్ల మీద పీడీ అని రాసేది దీన్నే. హోటల్లో సర్వరు వచ్చి “ఇడ్లీ, వడ, దోశ ఉన్నాయి” అన్నట్టు, చార్జర్ అదే సీసీ తీగ మీద తన దగ్గరున్న వోల్టేజీల జాబితా చెబుతుంది. 5, 9, 15, 20. ఫోను ఒకటి అడుగుతుంది. చార్జర్ సరేనని, వోల్టేజీ మార్చి, సిద్ధమని కబురు పంపుతుంది. ఆ తర్వాతే ఫోను అంత కరెంటు లాగుతుంది. జవాబు రాకపోతే 5 దగ్గరే ఆగిపోతుంది. 2021లో ఈ జాబితా 48 వోల్టుల దాకా, 240 వాట్ల దాకా పెరిగింది.

వైరు కూడా ఈ బేరంలో ఉంటుంది. 3 ఆంపియర్లకి మించి పంపాలంటే వైరు చివర చిన్న చిప్ ఉండి, 5 ఆంపియర్లు మోయగలనని చెప్పాలి. చెప్పకపోతే 60 వాట్ల దగ్గర ఆగాల్సిందే. పైకి చూస్తే రెండు వైర్లూ ఒకేలా ఉంటాయి.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంది. బజారులో ఏమైందో చూడండి. గూగుల్‌లో పనిచేసే బెన్సన్ లియుంగ్ అనే ఇంజినీరు 2015 చివర్లో ఆన్‌లైన్‌లో అమ్మే సీ టైప్ కేబుళ్లు ఒక్కొక్కటే కొని పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒకవైపు పాత యూఎస్‌బీ ఉన్న వైర్లలో 56 కిలో ఓముల రెసిస్టర్ పెట్టాలి. “ఇది పాత రకం కన్నం, ఎక్కువ లాగొద్దు” అని ఫోనుకి చెప్పేది అదే. చాలా కంపెనీలు 10 కిలో ఓములది పెట్టాయి. దాని అర్థం “3 ఆంపియర్లు తీసుకో” అని. ఫోను అది నమ్మి, అర ఆంపియర్ కోసం కట్టిన కన్నం నుంచి ఆరింతలు లాగబోతుంది. 2016 ఫిబ్రవరిలో ఇంకా ఘోరం జరిగింది. ఒక కేబుల్‌లో ప్లస్, గ్రౌండ్ తీగలే తారుమారయ్యాయి. అది గుచ్చగానే ఆయన పరీక్షకి వాడే ల్యాప్‌టాప్ దెబ్బతింది. పెద్దవాళ్లూ తడబడ్డారు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో రెండు సీసీ పట్టీలనూ కలిపేసి ఒకే రెసిస్టర్ పెట్టారు. చిప్ ఉన్న ఖరీదైన వైరుతో పెడితే చార్జర్ ఆ బోర్డుని హెడ్‌ఫోన్ అడాప్టర్ అనుకుని కరెంటు ఇవ్వలేదు. మామూలు చౌక వైరుతో మాత్రం పనిచేసేది! తర్వాత సరిదిద్దారు.

మన దగ్గర మరో చిక్కు ఎక్కువ. పీడీ వోల్టేజీ పెంచితే, ఒప్పో 2014లో తెచ్చిన వూక్ పద్ధతి వోల్టేజీని తక్కువగానే ఉంచి కరెంటు పెంచింది. దానివల్ల వోల్టేజీ మార్చేటప్పుడు పుట్టే వేడి ఫోనులో కాకుండా చార్జర్‌లోనే ఉండిపోతుంది. ఆలోచన మంచిదే. కాకపోతే వాళ్ల చార్జర్, వాళ్ల వైరు రెండూ ఉంటేనే ఆ వేగం. 80 వాట్లని డబ్బా మీద అచ్చేసిన ఇలాంటి ఫోను, వేరే కంపెనీ పీడీ చార్జర్ మీద అందులో కొద్ది భాగమే తీసుకోవచ్చు. డేటా సంగతీ ఇంతే. 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15కీ, 15 ప్రోకీ కన్నం ఒకటే. మొదటిది సెకనుకి 480 మెగాబిట్లు, 2000 నాటి యూఎస్‌బీ 2 వేగం. రెండోది 10 గిగాబిట్లు. 20 గిగాబైట్ల వీడియో లెక్క ప్రకారం ఒకదానికి ఐదున్నర నిమిషాలు, ఇంకోదానికి 16 సెకన్లు. పైగా ప్రో డబ్బాలో ఇచ్చిన వైరు కూడా యూఎస్‌బీ 2దే. వేగం కావాలంటే వైరు విడిగా కొనుక్కోవాలి.

ఆపిల్ 2012 నుంచి నమ్ముకున్న లైట్నింగ్‌ని వదలడానికి కారణం యూరప్ చట్టం. 2022 అక్టోబరు 4న యూరోపియన్ పార్లమెంటు 602 ఓట్లతో దాన్ని ఆమోదించింది, వ్యతిరేకంగా పడినవి 13. ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్ల లాంటి వాటికి 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ 28 నుంచి సీ టైప్ తప్పనిసరి. చట్టం రాసినవాళ్లు కన్నంతో ఆగలేదు. 15 వాట్లకి మించి చార్జింగ్ తీసుకునే వస్తువు పీడీని కూడా పాటించాలన్నారు. కంపెనీ సొంత పద్ధతి అదనంగా ఉండొచ్చు గానీ, అది పీడీకి అడ్డురాకూడదు. నా దృష్టిలో చట్టంలో అసలు విలువైన వాక్యం ఇదే. చట్టం చేస్తే కొత్తవి పుట్టవని ఆపిల్ వాదించింది. 2009లో మైక్రో యూఎస్‌బీని చట్టంగా బిగించి ఉంటే సీ టైప్ ఇంత తేలిగ్గా వచ్చేదా అని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. అయితే లైట్నింగ్ వస్తువులు చేసే ప్రతి కంపెనీ దగ్గరా ఆపిల్ లైసెన్సు సొమ్ము తీసుకునేదని కూడా గుర్తుపెట్టుకోవాలి.

చెత్త తగ్గుతుందన్న వాదనని మాత్రం కొంచెం తగ్గించి వినాలి. యూరప్‌లో వాడకుండా పారేసే చార్జర్లు ఏడాదికి 11,000 టన్నులని యూరోపియన్ కమిషన్ లెక్క. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో ఇది ఐదు వేలలో ఒక వంతు కూడా కాదు. జనానికి డబ్బు, తలనొప్పి మిగులుతాయన్నది ఇంతకంటే గట్టి కారణం.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, మీ ఊరి మొబైల్ షాపులోనో కేబుల్ కొనేటప్పుడు “సీ టైప్ ఇవ్వండి” అంటే ఇక సరిపోదు. ఎన్ని వాట్లు మోస్తుంది, డేటా వేగం ఎంత అని రెండు ప్రశ్నలు అడగాలి. చాలా ఫోన్లకి 60 వాట్ల వైరు చాలు. 100, 240 అని రాసిన వాటికి ఎక్కువ పెట్టడం ముఖ్యంగా ల్యాప్‌టాప్ ఉంటేనే. ఎక్కువ వాట్ల చార్జర్ పెడితే ఫోను పాడవుతుందన్న భయం అక్కర్లేదు, అడిగినంతే ఇస్తుంది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పిలిచిన సమావేశంలో 2022 నవంబరులో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకి సీ టైప్ అని ఏకాభిప్రాయం కుదిరింది. 2023 జనవరిలో దేశంలో వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ ప్రమాణం ప్రకటించింది. బటన్ల ఫోన్లని మాత్రం పక్కన పెట్టి, వాటికి వేరే రకం పిన్ను ఉండొచ్చన్నారు. వాటిని కొనేవాళ్లకి పది ఇరవై రూపాయల తేడా కూడా లెక్కే, కాబట్టి ఆ జాగ్రత్తని తప్పుపట్టలేం. అయితే ఆ ఫోనుకి 24 పట్టీలూ అక్కర్లేదు, పీడీ అసలే అక్కర్లేదు. చార్జింగ్ మాత్రమే చేసే 6 పట్టీల చౌక సీ టైప్ సాకెట్లు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి. ధర పెరుగుతుందన్న కారణం ఇంకెన్నాళ్లు చెబుతారో చూడాలి.