కప్పలు ఎక్కువున్న చోటునే కాపాడితే సరిపోదు

ఆఫ్రికాలో సహారాకి దక్షిణాన ఉన్న కప్పలన్నిటినీ కాపాడాలి, డబ్బులేమో కొన్ని చోట్లకే సరిపోతాయి, మరి ఎక్కడ పెట్టాలి? ఎక్కువ రకాలున్న చోట పెట్టండి అంటారు ఎవర్నడిగినా. వినడానికి బానే ఉంటుంది గానీ దెబ్బ తినేది ఇక్కడే.

ఖండం మ్యాప్‌ని గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఏ కప్పలున్నాయో రాసి కంప్యూటర్‌కిస్తారు. కామెరూన్ అడవుల్లో ఒక గడిలో 60 రకాలు, పక్క గడిలో 55 ఉన్నాయనుకుందాం, రెండూ కలిపితే 115 అవ్వవు కదా, చాలావరకు అవే కప్పలు అటూ ఇటూ ఉంటాయి, మహా అయితే 65. అదే దూరంగా దక్షిణాఫ్రికాలో ఒక గడిలో 20 రకాలే ఉన్నా అవన్నీ కొత్తవైతే మొదటి గడితో కలిపి లెక్క 80కి పోతుంది. పదకొండు మందీ ఓపెనర్లే అయితే బౌలింగ్ ఎవరు వేస్తారు, అదన్నమాట సంగతి. ఎంచుకున్న గళ్ళలో లేని కప్పలు ఇంకెక్కడున్నాయి అని వెతుక్కుంటూ పోతుంది కంప్యూటర్, అన్ని రకాలూ కవరయ్యేదాకా.

ఈ లెక్కలో కొండలకి బాగా మార్కులు పడతాయి. టాంజానియా, కెన్యాల్లోని ఈస్టర్న్ ఆర్క్ కొండలు తీసుకోండి, మధ్యలో ఎండిన నేలలు, తడి చర్మంతో కప్ప వాటిని దాటలేదు, అందుకే ఏ కొండ కప్పలు ఆ కొండకే అన్నట్టు తయారయ్యాయి. కామెరూన్‌లో ఓకు అని అగ్నిపర్వతం నోట్లో ఏర్పడ్డ సరస్సు ఉంది, అందులో ఉండే ఒక నీటి కప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఎవరైనా మంచి చేద్దామనుకుని అందులో చేపలు వదిలినా దాని పని అయిపోయినట్టే. పైగా ఈ కొండల్లో వానలు బాగా పడతాయి, నేల మంచిది, కాబట్టి రైతులూ అక్కడే ఉంటారు, వాళ్ళని ఖాళీ చేయించి కప్పల్ని పెంచుతాం అంటే కుదిరే పని కాదు.

గడితోనూ ఒక చిక్కుంది. అక్షాంశం, రేఖాంశం ఒక్కో డిగ్రీ చొప్పున ఉండే గడి అంటే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 12,000 చదరపు కిలోమీటర్లు. కిహాన్సి టోడ్ అనే వేలి కొసంత కప్ప, గుడ్లు కాకుండా పిల్లల్నే కంటుంది, దాని ప్రపంచమంతా టాంజానియాలో ఒక జలపాతం తుంపర్లు పడే సుమారు ఐదెకరాల గడ్డి. 1996లో దొరికింది, అప్పటికే పైన కరెంటు ప్రాజెక్టు పని నడుస్తోంది, 2000కల్లా నీళ్ళు దాదాపు 90 శాతం మళ్ళించేశారు, తుంపర్లు ఆగిపోయాయి, స్ప్రింక్లర్లు పెట్టారు, కొంతకాలం కోలుకుంది కూడా, తర్వాత 2003లో ఒక్కసారిగా కుప్పకూలింది, ఫంగస్ జబ్బు వల్లేనని చాలామంది అనుమానం. 2009లో అడవిలో అంతరించిందని ప్రకటించారు. అమెరికా జూల్లో పెంచిన వాటిని 2012 నుంచి మళ్ళీ వదులుతున్నారు. ఆ గడి మొత్తానికి రక్షణ అని కాగితం మీద రాసుకున్నా, పైనున్న నీటి సంగతి చూడకపోతే ఒరిగేదేమీ లేదు.

ఇక కప్ప రకాల లిస్టు సంగతి అచ్చం కప్పల తక్కెడే, ఒకటే రకం అనుకున్నది డీఎన్ఏ చూస్తే మూడని తేలుతుంది, మళ్ళీ లెక్కంతా మారుతుంది. అంగోలాలో 2002 దాకా యుద్ధమే, సర్వేకి పోయినవాళ్ళు తక్కువ, మ్యాప్‌లో ఖాళీగా కనబడితే కప్పల్లేవని కాదు. నన్నడిగితే కొంత డబ్బు అలాంటి చోట్ల వానాకాలం రాత్రుళ్ళు టార్చీలు పట్టుకుని తిరిగే ఊరి కుర్రాళ్ళ జీతాలకే పెట్టాలి, మగ కప్పలు అరిచే ఆ కొన్ని వారాలు దాటిపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.