కాగితపు తేనెటీగకు రెక్కలెన్ని? పూల పాఠంలో అపోహలు - వాస్తవాలు

మూడు నుంచి ఐదో తరగతి పిల్లలతో కాగితం, బంక, పసుపు, పూలు ముందేసుకుని పాఠాలు చెప్పడం నా పని. చెవిన పడిన తప్పు నాలుగు రోజుల్లో పోతుంది కానీ, చేత్తో కత్తిరించి అతికించిన తప్పు ఏళ్ల తరబడి వెంట వస్తుంది. అందుకే ఈ చిట్టా.

అపోహ: బొమ్మే కదా, తేనెటీగ ఎలా ఉన్నా పరవాలేదు.

తేనెటీగకు నాలుగు రెక్కలు, ఆరు కాళ్లు. అన్నీ తలకూ పొట్టకూ మధ్య ఉన్న భాగం నుంచే వస్తాయి. బజారులో దొరికే నమూనాల్లో రెండే రెక్కలు, పొట్టకు అతికించిన కాళ్లు, పైన నవ్వు ముఖం! మూడు మట్టి ఉండలు వరుసగా అతికించి, కాళ్లూ రెక్కలూ మధ్య ఉండకే గుచ్చమనండి. అందం కాస్త తగ్గినా మంచిదే.

అపోహ: పువ్వుకు సాయం చేయడానికే తేనెటీగ వస్తుంది.

అది తన తిండి కోసం వస్తుంది. ఈ సంగతి మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు, ఆడిస్తే ఎక్కుతుంది. కాగితపు టీ కప్పు అడుగున చింతగింజ వేయండి, అది మకరందం. కప్పు అంచు లోపల దూదిపుల్లలు అతికించి వాటి కొనలకు పసుపు అద్దండి, అవి పుప్పొడి ఉండే కేసరాలు. రెండో కప్పులోనూ గింజ వేసి, దూదిపుల్లకు బదులు బంక రాసిన పుల్ల ఒకటి నిలబెట్టండి, అది పుప్పొడిని అందుకునే కీలాగ్రం. వేలికి ఉన్ని చుట్టుకున్న పిల్లవాడు గింజ కోసమే చేయి పెడతాడు. పసుపు అంటుకున్నట్టు వాడికి తెలియనే తెలియదు. రెండో కప్పులో గింజ తీసేసరికి బంక మీద పసుపు కనిపిస్తుంది. వేరే రంగు కప్పులో కుంకుమ పెట్టి అది వేరే జాతి పువ్వు అంటే ఇంకో మాట కూడా తేలుతుంది: మందార పుప్పొడి గుమ్మడికి పనికిరాదు. (బట్టలకు అంటిన పసుపును సబ్బుతో రుద్దితే ఎర్రబడుతుంది. కంగారు పడకుండా ఎండలో ఆరేయమని తల్లులకు ముందే చెప్పండి.)

అపోహ: పుప్పొడి మోసేవి తేనెటీగలూ సీతాకోకచిలుకలే.

బతుకమ్మ పేర్చే పళ్లెమే దీనికి జవాబు. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. దాని కేసరాల కొనన సన్నని రంధ్రాలుంటాయి, పుప్పొడి వాటిలోంచే రాలాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లు గట్టిగా అదిరించి దాన్ని దులుపుకుంటుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. వంకాయ, టమాటా పూలదీ ఇదే పద్ధతి. బడి ప్రయోగశాలలో శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఉంటే మోగించి, అప్పుడే విచ్చిన వంగ పువ్వు కేసరాలకు ఆనించండి, కింద నల్ల కాగితం పట్టండి. పసుపుపచ్చని పొడి రాలితే, తుమ్మెద ఝంకారం దేనికో వేరే చెప్పక్కర్లేదు.

పళ్లెంలోని గుమ్మడి పువ్వుదీ ఒక కథే. గుమ్మడి తీగకు ఆడ పూలు వేరు, మగ పూలు వేరు. పువ్వు కింద బుల్లి గుమ్మడికాయ ఉంటే అది ఆడది. పూజకు మగ పూలు కోసుకుని, తీగకు కొన్ని వదిలితే కాపుకు లోటు రాదు. పొద్దున్నే మగ పువ్వు రేకలు తీసేసి, దాని కేసరాలను ఆడ పువ్వు కీలాగ్రానికి పిల్లలతోనే అద్దించండి. పొద్దెక్కితే పూలు ముడుచుకుంటాయి, కాబట్టి ఇది మొదటి పీరియడ్ పనే.

ఇక మోదుగకు తేనెపిట్టలు, ఇప్పకు గబ్బిలాలు, మొక్కజొన్నకు గాలి. వరి చాలావరకు తన పని తానే చేసుకుంటుంది.

అపోహ: విప్పి చూపించడానికి బంతిపువ్వు చాలు.

తోరణానికి చాలు, ఈ పాఠానికి చాలదు. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు ఒక్కో పువ్వులా కనిపించే పూల గుంపులు. మనం రేక అని తుంచేది ఒక బుల్లి పువ్వు. భాగాలు చూపడానికి ఒంటిరేకల ఎర్ర మందారం తెచ్చుకోండి. నిలువునా కోస్తే మధ్య గొట్టం చుట్టూ కేసరాలు, దాని కొనన అయిదు కీలాగ్రాలు, అడుగున గింజలు తయారయ్యే అండాశయం స్పష్టంగా కనిపిస్తాయి. ముద్ద మందారం వద్దు. అందులో కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోయి ఉంటాయి. బంతిని ఆ తర్వాత ఇస్తే లోపలి పూలను పిల్లలే లెక్కపెడతారు.

అపోహ: తేనెటీగలున్న చోటికి పిల్లల్ని తీసుకెళ్లకూడదు.

పువ్వు మీద వాలి తన పనిలో ఉన్న ఈగ, చేత్తో పట్టుకోబోతేనో నలిపితేనో తప్ప సాధారణంగా కుట్టదు. భయపడాల్సింది తేనెపట్టు దగ్గర. ముఖ్యంగా నీళ్ల ట్యాంకుల కింద, ఎత్తయిన చెట్లకు వేలాడే పెద్ద పట్టు కనిపిస్తే ఆ వైపే వెళ్లకండి. కుడితే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చే పిల్లలెవరైనా ఉన్నారేమో తల్లిదండ్రులను ముందే అడగాలి.

అపోహ: చెక్కకు రంధ్రాలు చేసి వేలాడదీస్తే తేనె వస్తుంది.

రాదు. అందులో చేరేవి ఒంటరిగా బతికే ఈగలు, తేనెపట్టు కట్టవు. రంధ్రం వెనక వైపు మూసి ఉండాలి, లోపల నునుపుగా ఉండాలి, వాన తగలకూడదు. ప్లాస్టిక్ గొట్టాలు వాడకండి, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. రంధ్రం నోటికి మట్టి గానీ ఆకు ముక్కలు గానీ అడ్డం పెట్టి ఉంటే లోపల గుడ్లు ఉన్నట్టే. అవి కందిరీగవి కూడా కావచ్చు. పుల్లతో గుచ్చి చూస్తామని పిల్లలు మారాం చేస్తారు, చేయనివ్వకండి.