విదేశాల్లో థాయ్ భోజనం: ‘అసలు రుచి’కి కొలత ఎవరు పెట్టారు?

అన్నం, చింతపండు, కొబ్బరిపాలు, పచ్చిమిరప కలిసే వంట కాబట్టి, పరాయి దేశంలో ఉంటున్న తెలుగువారి నాలుకకు థాయ్ భోజనం త్వరగానే అలవాటవుతుంది. కొన్నాళ్లకు ఒక సందేహం కూడా మొదలవుతుంది: ఈ తియ్యటి ఎర్రని ప్యాడ్ థాయ్ అనే నూడుల్స్ వేపుడు, రంగుల పేర్లతో వరుసగా రాసిన కూరలు నిజంగా థాయిలాండ్‌లో తినేవేనా? ఈ ప్రశ్నకు జవాబు ఒక్క వంటగదిలో దొరకదు. అమెరికా వలస చట్టాలు, నిమ్మ తోటల తెగుళ్లు, బ్యాంకాక్ ప్రభుత్వ వాణిజ్య విధానం, ఈ మూడూ కలిసి దాన్ని నిర్ణయించాయి.

ముందుగా ప్యాడ్ థాయ్ సంగతి. ఫిబున్ సాంగ్‌ఖ్రామ్ 1938లో ప్రధాని అయ్యాడు, మరుసటి ఏడాదే సయాం పేరు థాయిలాండ్‌గా మారింది. జనమంతా ఒకే జాతిగా కనిపించాలన్న ఆయన జాతీయవాద ప్రచారం వేషభాషలతో ఆగలేదు, తిండి దాకా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు కష్టాల్లో ప్రభుత్వం జనాన్ని నూడుల్స్ తినమని ప్రోత్సహించింది. ఈ వంటకం ఎవరి చేతిలో పుట్టిందన్న విషయంలో రకరకాల కథనాలున్నాయి. అయితే బియ్యపు నూడుల్స్‌ను బాణలిలో వేయించే పద్ధతి చైనా వలసదారులు తెచ్చినదని, దానికి జాతీయ వంటకం హోదా ఇచ్చింది ప్రభుత్వమని చెప్పవచ్చు. థాయ్ వంటకు గుర్తుగా ప్రపంచమంతా చూపే వంటకానికి వందేళ్ల వయసైనా లేదన్నమాట.

అమెరికాలో ఈ వంట వేళ్లూనడం వియత్నాం యుద్ధంతో ముడిపడి ఉంది. థాయిలాండ్ వైమానిక స్థావరాల్లో పనిచేసిన, సెలవులకు బ్యాంకాక్ వెళ్లిన అమెరికా సైనికులకు అక్కడి రుచులు తెలిశాయి. 1965 నాటి వలస చట్టం ఆసియావాసులకు తలుపులు తెరిచింది. లాస్ ఏంజెలెస్‌లో 1971లో బ్యాంకాక్ మార్కెట్ అనే సరుకుల దుకాణం వెలిసింది. 1999లో ఆ నగరంలోని ఒక ప్రాంతాన్ని అధికారికంగా థాయ్ టౌన్‌గా గుర్తించారు. అయినా తొలితరం వంటవాళ్లకు సరుకులే పెద్ద సమస్య. సిట్రస్ తెగుళ్ల భయంతో అమెరికా నిమ్మజాతి ఆకుల దిగుమతిపై ఆంక్షలు పెట్టడంతో, కూరలకు ప్రాణమైన మక్రూట్ నిమ్మాకు తాజాగా దొరికేది కాదు. దుంపరాష్ట్రం (గలంగల్) బదులు అల్లం, చింతపండు బదులు వెనిగర్ లేదా కెచప్ వచ్చి చేరాయి. ఇక ప్యాడ్ కప్రావ్ అనే మాంసపు వేపుడులో వేయాల్సిన ఆకు మన పెరట్లోని తులసి జాతిదే. ఘాటైన ఆ ఆకు దొరక్క, సోంపు వాసన వచ్చే తియ్యటి బేసిల్ వేసి అదే పేరుతో వడ్డించడం నేటికీ చాలాచోట్ల ఆనవాయితీ. అవసరం కొద్దీ చేసిన ఈ సర్దుబాట్లు క్రమంగా అక్కడి గిరాకీకి ప్రమాణమైపోయాయి.

ఆ తర్వాతి మలుపు ప్రభుత్వానిది. 2002 ప్రాంతంలో ‘గ్లోబల్ థాయ్’ పేరుతో, విదేశాల్లో సుమారు 5,500గా ఉన్న థాయ్ రెస్టారెంట్ల సంఖ్యను 8,000కు పెంచాలని బ్యాంకాక్ లక్ష్యం పెట్టుకుంది. ఎలిఫెంట్ జంప్, కూల్ బేసిల్, గోల్డెన్ లీఫ్ అని చవక, మధ్యతరగతి, ఖరీదైన హోటళ్లకు మూడు నమూనాలు కూడా తయారుచేసింది. పెట్టుబడికి అప్పులు, వంటవాళ్లకు శిక్షణ ఏర్పాటయ్యాయి. న్యూజిలాండ్‌తో 2005లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంలో థాయ్ వంటవాళ్లకు ప్రత్యేక వీసా సదుపాయం కూడా చేరింది. ఏ ఊరు వెళ్లినా ఒకే తరహా మెనూ కనబడడానికి ఈ పథకాల ప్రభావం కొంత కారణమని నా అభిప్రాయం. అసలుతనానికి ముద్రగా వాణిజ్య శాఖ ‘థాయ్ సెలెక్ట్’ ధ్రువపత్రం ఇస్తోంది. 2014లో మరో అడుగు ముందుకు వేసి, ఒక ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలో ఈ-డెలీషియస్ అనే యంత్రాన్ని తయారుచేశారు. అది వంటకం వాసననూ రుచినీ సెన్సర్లతో కొలిచి, ప్రామాణిక నమూనాతో పోల్చి, నూటికి మార్కులు వేస్తుంది. అత్తగారు వంక పెట్టడం చూశాం గానీ, యంత్రం వంక పెట్టడం అదే మొదలేమో.

ప్రామాణిక నమూనా అన్న మాటలోనే చిక్కుంది. ఈశాన్యాన ఈసాన్ ప్రాంతపు భోజనానికీ, మలేసియా సరిహద్దున దక్షిణాది భోజనానికీ పోలిక తక్కువ. ఈసాన్ జనం జిగట అన్నాన్ని చేత్తో ముద్ద చేసి తింటారు, వారి వంట పొరుగున ఉన్న లావోస్‌కు దగ్గర. 1975 తర్వాత అమెరికా చేరిన లావో శరణార్థుల్లో పలువురు తమ దేశం పేరు ఎవరికీ తెలియదని థాయ్ బోర్డు పెట్టుకున్నారు. వారి చేతి సోమ్ తమ్ (పచ్చి బొప్పాయి సలాడ్) నకిలీ అనడం అన్యాయం. అడిగాక రోట్లో దంచి ఇస్తున్నారా, పులియబెట్టిన చేప ప్లా రా వేసి చేస్తారా అని విచారిస్తే ధ్రువపత్రం కంటే ఎక్కువ తెలుస్తుంది. కూరన్నానికి చాప్‌స్టిక్స్ ఇస్తే, ఆ హోటలు స్థానికుల ఊహకు తగ్గట్టు నడుస్తోందని అర్థం. థాయిలాండ్‌లో అన్నం తినేది చెంచా, ఫోర్కుతో. చాప్‌స్టిక్స్ ప్రధానంగా నూడుల్స్ సూపుకే. లాస్ ఏంజెలెస్‌లోని జిత్‌లాడా అనే రెస్టారెంట్‌లో ఘాటైన దక్షిణాది వంటకాల జాబితా మొదట థాయ్ లిపిలోనే ఉండేది. ఒక అభిమాని దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాకే మిగతావారికి ఆ వంటకాలు అందాయి. వేరే మెనూ ఏదైనా ఉందా అని అడగడం అందుకే వృథా పోదు.

శాకాహారులకు మాత్రం ఈ అసలుతనమే ఇబ్బంది. పద్ధతిగా నూరిన కూర ముద్దలో రొయ్యల ముద్ద కలుస్తుంది, ఉప్పు బదులు చేపల సాస్ పడుతుంది. మాంసం తీసేసి టోఫు వేయించుకున్నంత మాత్రాన అది శాకాహారం కాదు. అయితే థాయిలాండ్‌లోనే ‘జే’ అనే కఠిన శాకాహార సంప్రదాయం ఉంది. చైనా మూలాలున్న ఆ నియమంలో మాంసం, చేపలతో పాటు వెల్లుల్లి, ఉల్లి కూడా నిషిద్ధం. ఏటా తొమ్మిది రోజులు జరిగే ఉత్సవంలో, ముఖ్యంగా ఫుకెట్‌లో, ఆ వంటలమ్మే బండ్లకు పసుపు జెండాలు కడతారు. విదేశంలోనైనా థాయ్ వంటవారికి ‘వెజిటేరియన్’ అనే బదులు ‘జే’ అని చెబితే, చేపల సాస్ కూడా వద్దన్న సంగతి విడిగా వివరించనక్కర్లేకుండా తెలుస్తుంది.