ట్రాక్ సాతో ప్లైవుడ్ కోత: అపోహలు – వాస్తవాలు

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ షీటు సుమారు 30 కిలోలు తూగుతుంది. గట్టి జాతి చెక్కదైతే అంతకు మించి కూడా ఉంటుంది. అంత షీటును టేబుల్ సా (బల్లకు బిగించిన రంపం) మీద ఒక్కరే తిన్నగా నెట్టడం కష్టం కనుక, షీటును కదలనివ్వకుండా, దాని మీద పెట్టిన పొడవైన పట్టాలాంటి కడ్డీ (ట్రాక్) వెంట రంపాన్నే నడిపించే ట్రాక్ సా ఈ పనికి బాగా పనికివస్తుంది. అయితే ఈ యంత్రం ఏ పని చేస్తుందో, ఏ పని మనకే వదిలేస్తుందో స్పష్టంగా తెలియకపోవడం వల్ల కొన్ని అపోహలు స్థిరపడిపోయాయి.

అపోహ: ట్రాక్ వేసి కోస్తే ముక్క మూలమట్టానికి సరిగ్గా వస్తుంది.

వాస్తవం: ట్రాక్ ఇచ్చేది తిన్నటి కోత మాత్రమే. ఆ కోత పక్క అంచుకు లంబంగా ఉండాలన్నా, ఎదుటి అంచుకు సమాంతరంగా ఉండాలన్నా ట్రాక్‌ను ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. తప్పుగా పెట్టిన ట్రాక్ మీద రంపం అంతే తిన్నగా తప్పు కోత కోస్తుంది. నా దృష్టిలో మిగిలిన అపోహలన్నిటికంటే ఎక్కువ ప్లైవుడ్‌ను వృథా చేసేది ఇదే.

షీటుకు ఫ్యాక్టరీలో వచ్చిన అంచును కూడా ఇదే కారణంగా నమ్మకూడదు. రవాణాలో అంచులు నలుగుతాయి, మూలలు లంబకోణంలో లేని షీట్లు కూడా వస్తుంటాయి. అందువల్ల ముందుగా ఒక పొడవైన అంచు నుంచి కొద్దిగా కోసివేసి, ఆ కొత్త అంచునే ఆధారంగా పెట్టుకుని మిగిలిన కొలతలన్నీ దాని నుంచే తీసుకోవాలి. అడ్డకోతకు చిన్న మూలమట్టం చాలదు. 300 మి.మీ. దూరంలో పావు మిల్లీమీటరు తేడా ఉంటే, అదే గీతను 1220 మి.మీ. వెడల్పుకు పొడిగించేసరికి అది ఒక మిల్లీమీటరు అవుతుంది. ఆధారపు అంచు వెంట 900 మి.మీ., అడ్డంగా 1200 మి.మీ. గుర్తించి, ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలు దూరం 1500 మి.మీ. వచ్చేలా గీత గీయడం ఇంతకంటే నమ్మదగిన పద్ధతి. కోసిన తరువాత కర్ణాలు కొలిచి సరిచూసుకోవచ్చు, కానీ దానికి ముందు ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఒకవైపు వెడల్పు, మరోవైపు ఇరుకు అయిన ముక్కకు కూడా కర్ణాలు సమానంగా రావచ్చు.

అపోహ: గీతలన్నీ ముందే గీసుకుని వరుసగా కోసుకుంటూ పోవచ్చు.

వాస్తవం: ప్రతి కోతలోనూ బ్లేడు కొంత చెక్కను తినేస్తుంది. 160 లేదా 165 మి.మీ. బ్లేడ్లలో ఇది సాధారణంగా 2.2 మి.మీ. దగ్గర ఉంటుంది, పలుచని బ్లేడ్లలో 1.8 మి.మీ. లేదా ఇంకా తక్కువ ఉంటుంది. 1220 మి.మీ. వెడల్పును నాలుగు సమాన పట్టీలుగా కోయాలంటే మూడు కోతలకు 6.6 మి.మీ. పోతుంది కనుక ఒక్కో పట్టీ 305 కాదు, సుమారు 303.3 మి.మీ. మాత్రమే వస్తుంది. ఒకటి కోసి, కొత్తగా వచ్చిన అంచు నుంచి మళ్లీ కొలిచి, తరువాతి గీత గీయడమే సరైన పద్ధతి. ఒకే వెడల్పు పట్టీలు చాలా కావలసి వస్తే టేపును పక్కన పెట్టి, ఆ కొలతకు కోసిన చెక్క ముక్కను రెండు చివర్లా ఆనించి ట్రాక్‌ను అమర్చుకోవడం మేలు.

ట్రాక్‌ను మనకు కావలసిన ముక్క మీద ఉంచి, బ్లేడు తినే మందం వృథా వైపు పడేలా చూసుకోవాలి. ట్రాక్ అంచున ఉండే రబ్బరు పట్టీని మొదటి కోతలో ఆ రంపమే, ఆ బ్లేడుతోనే కత్తిరిస్తుంది కనుక, పట్టీ అంచు ఎక్కడుంటే కోత అంచు అక్కడే పడుతుంది. వేరే మందం బ్లేడు వేసినా, వేరే రంపాన్ని అదే ట్రాక్ మీద నడిపినా ఈ లెక్క చెడుతుంది. పట్టీని మొదటిసారి కత్తిరించే ముందే రంపం ట్రాక్ మీద పక్కలకు ఊగకుండా బిగింపు సరిచేసుకోవాలి.

అపోహ: ట్రాక్ సాతో పెచ్చులు అసలు లేవవు.

వాస్తవం: ఈ రంపంలో బ్లేడు ముందు పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కనుక పెచ్చులు పై ముఖం మీదే లేస్తాయి. మామూలు చేతి సర్క్యులర్ సాతో కోసేటప్పుడు మంచి ముఖాన్ని కిందికి తిప్పేది అందుకే. ట్రాక్ సాలో రబ్బరు పట్టీ నారలను నొక్కి పట్టడం వల్ల మంచి ముఖాన్ని పైకి ఉంచి కోయవచ్చు, కానీ ఆ రక్షణ ట్రాక్ ఉన్న వైపుకే పరిమితం. రెండు ముక్కలూ శుభ్రంగా కావాలంటే రంపానికి తగిలించే పెచ్చు నిరోధక ముక్కను వాడాలి, లేదా మొదట ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు ఒకసారి నడిపి, తరువాత పూర్తి లోతుకు కోయాలి. పై పొర నారకు అడ్డంగా కోసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. కోసే గీత మీద టేపు అంటించే అలవాటు కొందరికి ఉంది. తీసేటప్పుడు పలుచని పై పొర వెనీర్‌ను అదే లేపుతుంది కనుక నేను దాన్ని సిఫారసు చేయను.

లోతు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. బ్లేడు ఎంత ఎక్కువ కిందికి దిగితే పళ్లు పై ముఖం నుంచి అంత నిటారుగా బయటికి వస్తాయి, పెచ్చులు అంత ఎక్కువగా లేస్తాయి. షీటు కింద మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు. కొన్ని రంపాల లోతు కొలబద్దలో ట్రాక్ మందం ముందే కలిసి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కొత్త రంపంతో దీన్ని వృథా ముక్క మీద తేల్చుకోవాలి.

అపోహ: షీటును రెండు బల్లల మీద ఆనిస్తే చాలు.

వాస్తవం: కోత సాగేకొద్దీ షీటు మధ్యలో కుంగి, కోసిన సందు మూసుకుని బ్లేడును బిగబట్టవచ్చు. అప్పుడు రంపం ఒక్కసారిగా వెనక్కి, మనిషి మీదికి తన్నుతుంది. నేల మీద గానీ బల్ల మీద గానీ గట్టి ఫోమ్ బోర్డు పరచి దాని మీద షీటు వేస్తే రెండు ముక్కలూ చివరిదాకా ఉన్నచోటే ఉంటాయి.

అపోహ: ట్రాక్ అడుగున ఉండే పట్టీలు జారనివ్వవు కనుక క్లాంపులు అక్కర్లేదు.

వాస్తవం: తుడిచిన ముఖం మీద అవి బాగానే పట్టుకుంటాయి, రంపపు పొట్టు ఉంటే జారిపోతాయి. రెండు క్లాంపులు బిగించడానికి పట్టే సమయం షీటు ధర ముందు లెక్కలోకి రాదు.

అపోహ: రెండు ట్రాక్‌లను కలిపి బిగిస్తే అవి వాటంతటవే ఒకే గీతలో నిలుస్తాయి.

వాస్తవం: షీటును నిలువునా కోయడానికి 2440 మి.మీ. ట్రాక్ చాలదు, రంపం మొదట్లో కుదురుకోవడానికీ చివర్లో బయటికి రావడానికీ అదనపు పొడవు కావాలి. అందుకే చాలామంది 1400 మి.మీ. ట్రాక్‌లు రెండు కలుపుతారు. కలిపే కడ్డీలు వాటిని పట్టి ఉంచుతాయే తప్ప తిన్నదనానికి హామీ ఇవ్వవు. ట్రాక్ చివర్లు కచ్చితమైన లంబకోణంలో లేకపోతే, వాటిని ఒకదానికొకటి ఒత్తి బిగించినప్పుడు అతుకు దగ్గర వంపు వస్తుంది. రెండింటి మధ్య వెంట్రుకవాసి సందు వదిలి, పొడవైన తిన్నటి కడ్డీని అంచుకు ఆనించి, అప్పుడు మరలు బిగించాలి. తరువాత వృథా షీటును రెండు చోట్ల కోసి, ఆ ట్రాక్‌తో వచ్చిన రెండు అంచులను ఎదురెదురుగా తిప్పి కలిపి చూస్తే, ట్రాక్‌లో ఉన్న వంపు రెట్టింపై సందుగా కనిపిస్తుంది. మధ్యలో సందు ఉన్నా, మధ్యలో తగిలి చివర్లు విడిపోయినా, మరలు వదులు చేసి అతుకును మళ్లీ సరిచేయాల్సిందే.