డెబ్బై పైసల అప్పు: హోమ్‌లోన్ ముందే తీర్చడంపై అపోహలు - వాస్తవాలు

"పొలం అమ్మిన డబ్బు చేతికొచ్చింది మేడం. హోమ్‌లోన్ మొత్తం కట్టేసి కాగితాలు తెచ్చేసుకోమంటారా?" విజయవాడ గవర్నర్‌పేటలో నా బల్ల ముందు కూర్చునేవాళ్లలో చాలామంది మాట ఇలాగే మొదలవుతుంది. నేను వెంటనే అవుననీ చెప్పను, వద్దనీ చెప్పను. "మీకు ఇంకా ఎక్కడెక్కడ బాకీలున్నాయి? నూటికి ఎంత వడ్డీ?" అని అడుగుతాను.

మన కృష్ణా, గుంటూరు వైపు వడ్డీని శాతాల్లో ఎవరు చెప్పుకుంటారు? నెలకు నూటికి రూపాయి, రెండు రూపాయలు అంటాం. నాకూ ఆ లెక్కే ఇష్టం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. అదే కొలతలో ఎనిమిదిన్నర శాతం హోమ్‌లోన్ సుమారు 70 పైసల వడ్డీ. పద్దెనిమిదేళ్లు బ్యాంకులో గృహరుణాలు చూసి బయటికొచ్చాను. ఇప్పుడు ఎవరు వచ్చినా వాళ్ల అప్పులు, పొదుపులు అన్నీ ముందు పైసల్లోకి మార్చి కాగితం మీద రాయిస్తాను. చాలామందికి అక్కడే జవాబు దొరికిపోతుంది.

అపోహ: బ్యాంకు వడ్డీ అంతా ముందే లాగేసుకుంటుంది. సగం ఏళ్లు దాటాక ముందుగా కట్టినా ప్రయోజనం లేదు.

నేను ఎక్కువగా వినే మాట ఇది. దీన్ని నమ్మి, డబ్బు ఉండి కూడా కట్టకుండా కూర్చున్నవాళ్లను చూశాను.

30 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లు అనుకుందాం. ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 4,785. ఐదేళ్లలో 15.62 లక్షలు కట్టినా అసలు తగ్గేది 3.56 లక్షలే. స్టేట్‌మెంట్ చూసుకున్నవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది, ఆ బాధ నాకు తెలుసు. కానీ ఇందులో మోసం లేదు. 30 లక్షలు మన దగ్గరున్నప్పుడు 30 లక్షల మీద వడ్డీ, పన్నెండున్న రోజు పన్నెండు మీద వడ్డీ. మొదటి నెలైనా ఆఖరి నెలైనా అదే 70 పైసలు.

ఇదే లోనుకు పదిహేనేళ్లు నిండేసరికి బాకీ 12.69 లక్షలు ఉంటుంది. ఆ రోజు లక్ష రూపాయలు అదనంగా కట్టి ఈఎంఐ అలాగే ఉంచితే, లోను దాదాపు ఆరు నెలలు ముందే తీరుతుంది, 50 వేల వడ్డీ మిగులుతుంది. మొదట్లో కట్టిన లక్ష ఇంకా ఎక్కువ మిగిల్చే మాట నిజమే. అది ఇంకా ఎక్కువ ఏళ్లు వడ్డీని ఆపుతుంది కాబట్టి అంతే.

అపోహ: కాలం తగ్గించుకుంటేనే లాభం, ఈఎంఐ తగ్గించుకుంటే నష్టం.

పై లోనులోనే ఐదేళ్లు నిండాక రెండు లక్షలు కట్టారనుకోండి. ఈఎంఐ మార్చకపోతే 25 నెలలు తగ్గి, సుమారు నాలుగున్నర లక్షల వడ్డీ మిగులుతుంది. కాలం మార్చకుండా ఈఎంఐ తగ్గిస్తే నెలకు 1,970 రూపాయలు తగ్గుతుంది, మొత్తం మీద వడ్డీ మిగిలేది లక్షన్నరే. చూడగానే మొదటిదే గొప్పగా కనిపిస్తుంది. అయితే రెండో దారిలో ఆ 1,970 ప్రతి నెలా మీ జేబులోనే ఉంటోంది కదా! దాన్ని మళ్లీ లోనుకే కడితే రెండు దారులూ ఒకచోటికే చేరతాయి. ఖర్చైపోతుందని భయముంటే కాలం తగ్గించుకోండి. పిల్లల ఫీజులతో నెల గడవడం కష్టంగా ఉంటే ఈఎంఐ తగ్గించుకోండి, అందులో తప్పేం లేదు. ఏది కావాలో మాత్రం బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి.

అపోహ: ఉన్నదంతా పెట్టి తీర్చేస్తే గుండెల మీద బరువు దిగిపోతుంది.

అజిత్‌సింగ్‌నగర్‌లో ఉండే ఒక జంట 2024 జులైలో తమ ఎఫ్‌డీలన్నీ తీసి లోనుకు కట్టేశారు. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు ముంచెత్తింది. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, రెండు బళ్లు, కింది గది సామానంతా నీళ్లపాలు. చేతిలో రూపాయి లేదు. లోనులో వేసిన డబ్బు వెనక్కి రాదు. చివరికి తెలిసినవాళ్ల దగ్గర ప్రోనోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నారు. 70 పైసల అప్పు తీర్చి రెండు రూపాయల అప్పు తెచ్చుకున్నట్టయింది. వాళ్లు నన్ను ముందే అడిగారు. "మంచి పనే, కట్టండి" అన్నాను, చేతిలో ఎంత ఉంచుకుంటున్నారని అడగలేదు. ఆ రోజు నుంచి ఆరు నెలల ఖర్చు, ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టారని తేల్చుకున్నాకే మిగతా లెక్క మొదలుపెడుతున్నాను.

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒకాయనది ఇంకో రకం. సీజన్లో సరుకు కొనడానికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవారు, మరోపక్క హోమ్‌లోనుకు ఏటా రెండు లక్షలు అదనంగా కట్టేవారు. రెండు లక్షల మీద బయట వడ్డీ ఏడాదికి 48 వేలు, ఇక్కడ మిగిలేది 17 వేలు. ఆయనకు బ్యాంకుది మాత్రమే అప్పులా కనిపించేది, చేబదుళ్లు కనిపించేవి కావు. క్రెడిట్ కార్డు, చేబదులు, బంగారం మీద తెచ్చింది, ఏది ఎక్కువ పైసలైతే అది ముందు తీరాలి. హోమ్‌లోను వంతు సాధారణంగా ఆఖరుదే.

అపోహ: పన్ను మినహాయింపు కోసమైనా లోను ఉంచుకోవాలి.

కొత్త పన్ను విధానంలో మనం ఉంటున్న ఇంటి లోను వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వరకు ఉంది. 20 శాతం పన్ను కట్టేవాళ్లకు సెస్సుతో కలిపి చూసినా లక్ష వడ్డీ మీద కలిసొచ్చేది 20,800. మిగతా 79 వేలు పోయినట్టే. పైసల్లో చెప్పాలంటే 70 కాస్తా 56 అవుతుంది. ఆరున్నర శాతం ఎఫ్‌డీ మీద అదే పన్ను పోగా చేతికొచ్చేది 43 పైసలే. ఎఫ్‌డీలో అదనపు డబ్బు మూలుగుతుంటే లోనుకు కట్టడమే మేలు. పీఎఫ్ అలా కాదు. 2024-25కు 8.25 శాతం ఇచ్చారు, అంటే 69 పైసలు. దాన్ని తీసి లోనుకు కడతామంటే నేను ఒప్పుకోను. ముసలితనంలో ఇంటి గోడలు నెలనెలా డబ్బివ్వవు.

అపోహ: ముందు కడితే జరిమానా వేస్తారు.

మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న హోమ్‌లోన్లకు బ్యాంకులు ఆ జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. స్థిర వడ్డీ లోనైతే ఒప్పందం చదువుకోండి.

అపోహ: రెపో తగ్గింది కాబట్టి నా వడ్డీ కూడా తగ్గే ఉంటుంది.

2025లో రెపో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 శాతం నుంచి 5.25కు దిగింది. 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులో తీసుకున్న మారే వడ్డీ లోనైతే మూడు నెలలకోసారైనా సవరించాలి. అంతకుముందు తీసుకున్నవి, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల లోన్లు అలా కదలకపోవచ్చు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇప్పటికీ పాత రేటే కడుతున్నవాళ్లు ఉన్నారు. రెండు లక్షలు పోగుచేసి కట్టేముందు బ్యాంకుకు వెళ్లి ఒక దరఖాస్తు, కొద్దిపాటి రుసుముతో రేటు మార్పించుకోండి. కొన్నిసార్లు ఆ కాగితమే ఎక్కువ మిగులుస్తుంది.

అపోహ: చివరి రూపాయి కట్టేస్తే పని అయిపోయినట్టే.

లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు ఇచ్చేయాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. 2023 డిసెంబర్ నుంచి ఈ నిబంధన ఉంది. లోను తీసుకున్నప్పుడు ఇచ్చిన జాబితా పట్టుకుని లింకు డాక్యుమెంట్లతో (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) సహా ఒక్కొక్కటీ సరిచూసుకోండి. బాకీ లేదన్న పత్రం తీసుకోండి. తనఖా పత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంటే, దాని విడుదల కూడా అక్కడ రిజిస్టర్ చేయించాలి.

భవానీపురం నుంచి వచ్చిన ఒకావిడ లోను తీర్చి ఏడేళ్లయింది. కూతురి పెళ్లికి ఇల్లు అమ్మబోతే ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో, తనఖా ఇంకా కనిపించింది, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ బ్యాంకు శాఖ అప్పటికే మరో శాఖలో కలిసిపోయింది. విడుదల పత్రం కోసం ఆవిడ నాలుగు నెలలు తిరిగారు. విడుదల రిజిస్టరైన పదిహేను రోజులకు ఈసీ తీయించి, అందులో విడుదల కనిపించాకే ఆ ఫైలు బీరువాలో పెట్టండి.