నిమ్ము, గొట్టం, ఒక రిపోర్టు

బాబాయికి స్ట్రోక్ వస్తే నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చాం. గండం గడిచింది అనుకునేసరికి, వెంటిలేటర్ పెట్టిన ఐదో రోజున జ్వరం, చిక్కటి కఫం, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ. "ఇక్కడికొచ్చాక నిమ్ము చేయడమేంట్రా?" అని పిన్ని ఏడుపు.

వెంటిలేటర్ కోసం గొంతులోకి గొట్టం వేసి 48 గంటలు దాటాక మొదలయ్యే ఇలాంటి నిమ్మును వెంటిలేటర్ న్యుమోనియా అంటారు. మనమైతే గొంతులోకి ఏది జారినా దగ్గి బయటికి తోసేస్తాం. మత్తులో ఉన్న మనిషి అలా దగ్గలేడు, నోట్లో ఊరిన లాలాజలం గొట్టం చుట్టూ ఉండే గాలిబుడగ పక్కనుంచి కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, దాంతోపాటే బ్యాక్టీరియా కూడా. అవి గొట్టం లోపలి గోడకి అంటుకుని జిగట పొర కట్టుకుంటాయి. కడగని బిందె అడుగున చేతికి జారుడుగా తగులుతుందే పాచి, అలాంటిదే. ఆ పొరలో దాక్కున్నవాటిని మందుతో చంపడం చాలా కష్టం.

కఫంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూడమని పంపిన మూడో రోజుకి కల్చర్ రిపోర్టు వచ్చింది. అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా. కింద మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అక్షరం. ఆర్ అంటే ఆ మందుకి లొంగదని. మెరోపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్‌కి కూడా ఆర్. వేలు పెట్టి ఒక్కో వరుసా చూస్తూ పోయాను, కొలిస్టిన్ దగ్గర మాత్రమే ఐ, అంటే అటూ ఇటూ కానిది. కిడ్నీలను దెబ్బతీస్తోందని 1970ల్లో డాక్టర్లు దాదాపుగా పక్కన పెట్టేసిన మందు అది! ఇప్పుడు మాకు అదే దిక్కైంది, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రోజూ చూస్తూ ఎక్కించారు.

ఇంత మొండితనం ఎలా వస్తుందంటే, మందును ముక్కలు చేసే ఎంజైములను కొన్ని బ్యాక్టీరియా తయారుచేస్తాయి. ఎన్‌డీఎం అలాంటిదే, 2010లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో చెన్నై నమూనాల్లోనూ అది కనిపించింది. దాని జన్యువు ఉండే చిన్న డీఎన్ఏ చుట్టను ఒక జాతి బ్యాక్టీరియా ఇంకో జాతికి ఇచ్చేయగలదు. జలుబుకి కూడా యాంటీబయాటిక్ మింగే మన అలవాటు వాటికి మేతే, ఈ మాట నేను కోపంగానే అంటున్నాను.

అసినెటోబాక్టర్ పొడి మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతుకుతుంది. అందుకే ఐసీయూ తలుపు దగ్గర చేతులకి జెల్ రాసుకోకుండా ఎవరినీ రానివ్వరు, సెల్‌ఫోన్ తాకితే మళ్లీ రాసుకోమంటారు. బాబాయి తల వైపు మంచం ఎత్తి ఉంచేవాళ్లు. రోజూ పొద్దున మత్తు తగ్గించి, సొంతంగా ఊపిరి తీసుకోగలరేమో చూసేవాళ్లు, ఎందుకంటే గొట్టం ఎంత తొందరగా తీస్తే అంత మేలు.

పన్నెండో రోజున తీశారు. తీయగానే ఆయన ఒళ్లంతా కదిలేలా దగ్గారు. పిన్ని కంగారుపడి నర్సు చెయ్యి పట్టుకుంది. ఆ నర్సు తమిళంలోనే, "దగ్గనివ్వండమ్మా, మంచిదే" అంది.