విమానం తెరిచాక బయటపడే పని

పిల్లలూ,

సర్వీసింగ్‌కి ఎన్ని రోజులు పడుతుందో ముందే లెక్క వేసుకుంటారు కదా, మరి విమానం ఆలస్యంగా ఎందుకు బయటికొస్తుంది అని మొన్న అడిగారు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

సీ చెక్ లాంటి పెద్ద తనిఖీకి విమానం హ్యాంగర్‌లోకి వచ్చేసరికి చేయాల్సిన పనుల కార్డులు సిద్ధంగా ఉంటాయి. వాటిలో చాలావాటి సారాంశం 'తెరిచి చూడు' అనే. చూస్తే ఏం కనబడుతుందో మాత్రం ఏ కార్డులోనూ ఉండదు.

ఒకసారి టాయిలెట్ కింద నేల పలకలు ఎత్తాం. అక్కడ తేమ చేరుతుంది కాబట్టి మా చూపు ముందు అటే పోతుంది. అల్యూమినియం దూలం మీద బొటనవేలి గోరంత మేర తెల్లటి పొడి, అంటే తుప్పు. దాన్ని పూర్తిగా గీకేసి, మిగిలిన మందం కొలిచాం. ఎంతవరకు తగ్గొచ్చో రిపేరు మాన్యువల్‌లో ఉంటుంది, ఆ హద్దులో ఉంటే నునుపు చేసి, పూత వేసి మూసేయొచ్చు. మా దూలం హద్దు దాటింది. ఇక మన సొంత తెలివి వాడకూడదు, కొలతలూ ఫొటోలూ తయారీ కంపెనీకి పంపి జవాబు వచ్చేదాకా ఆగాల్సిందే.

అందుకే తెరిచి చూసే పనులన్నీ మొదటి రోజుల్లోనే పెట్టుకోవాలి. అప్పుడు దొరికిన తుప్పుకి విడిభాగం తెప్పించుకునే టైముంటుంది, చివర్లో దొరికితే అందరికీ టెన్షనే. అదే వయసున్న విమానాల్లో ఇదివరకు ఏం బయటపడిందో చూసి, ఇలాంటి పనికి కొన్ని గంటలు విడిగా అట్టేపెడతారు కూడా. దొరికిన ప్రతిదానికీ కొత్త కార్డు రాయాలి. నోటిమాటగా వదిలేస్తే షిఫ్టు మారేసరికి మరుగున పడిపోతుంది.

ఆలస్యమైపోతోంది, ఏదోలా కానిద్దాం అని ఎవరన్నా అంటే నాకు జపాన్‌లో కూలిన ఆ బోయింగ్ 747 గుర్తొస్తుంది. 1978లో దాని తోక రన్‌వేకి రాసుకుంటే వెనక ప్రెషర్ బల్క్‌హెడ్‌కి, అంటే క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని పట్టి ఉంచే వెనక గోడకి, రిపేరు చేశారు. ఒకే ముక్కగా ఉండాల్సిన అతుకు పలకని రెండు ముక్కలు చేసి బిగించడంతో, రెండు వరసల రివెట్లు మోయాల్సిన భారం ఒక్క వరస మీద పడింది. ఏడేళ్లు ఎగిరి, 1985 ఆగస్టు 12న బల్క్‌హెడ్ అక్కడే తెగింది. అందులో ఉన్న 524 మందిలో 520 మంది పోయారు, నలుగురే మిగిలారు.

మా దూలానికి జవాబొచ్చింది, దెబ్బతిన్న భాగం మార్చాం, విమానం అనుకున్నదానికంటే ఆలస్యంగానే వెళ్లింది. ఇంకో ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం చేశాక కూడా, పలకలు మూసే ముందు నేను మోకాళ్ల మీద వంగి టార్చి వేసి ఒక్కో రివెట్టూ మళ్లీ చూసుకున్నాను.

మీ తాతయ్య